బేబ్ రూత్ ప్రోగ్రెస్ కార్డు



టెస్టు రిజల్ట్ రాగానే మీరు ముందు చూసేది పర్సంటేజీ, తర్వాత ర్యాంకు. టీచర్‌గా నేనూ అంతే. అందుకే ఈ నెల ఒక ఆటగాడి జీవితాన్ని, అతని లెక్కలతో సహా మీ ముందు పెడుతున్నాను.

జార్జ్ హెర్మన్ రూత్ 1895 ఫిబ్రవరి 6న అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు బార్ నడిపేవారు. బడి ఎగ్గొట్టి వీధుల్లో తిరుగుతున్నాడని ఏడేళ్లకే సెయింట్ మేరీస్ ఇండస్ట్రియల్ స్కూల్లో చేర్చారు. అనాథలూ, చెప్పినమాట వినని పిల్లలూ ఉండే చోటు అది. అక్కడ చొక్కాలు కుట్టడం నేర్చుకున్నాడు. బ్రదర్ మథయస్ అనే గురువు దగ్గర బేస్‌బాల్ నేర్చుకున్నాడు. 1914లో ఆ స్కూలు నుంచే బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టులోకి వెళ్లాడు. ప్రపంచానికి బేబ్ రూత్ అయ్యాడు. మొదట పేరు తెచ్చుకుంది బంతి విసిరే పిచ్చర్‌గా. 1920లో న్యూయార్క్ యాంకీస్‌కు మారాక బ్యాటే అతని లోకం.

ఇప్పుడు అతని 1921 కార్డు చూద్దాం. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

క్రికెట్ యావరేజ్‌కు పరుగుల్ని అవుటైన సార్లతో భాగిస్తాం. బేస్‌బాల్‌లో హిట్‌లను ఎట్ బ్యాట్‌లతో భాగిస్తారు. బంతిని కొట్టి, ఫీల్డర్ తప్పు వల్ల కాకుండా, క్షేమంగా బేస్ చేరితే అది హిట్. ఆ ఏడాది రూత్‌కు 540 ఎట్ బ్యాట్‌లు, 204 హిట్‌లు. 204ని 540తో భాగిస్తే 0.378. కానీ హ్యారీ హైల్మన్‌కు 0.394, టై కాబ్‌కు 0.389. అంటే అమెరికన్ లీగ్‌లో రూత్‌ది మూడో ర్యాంకు. ఈ కార్డు ఇంటికొస్తే మనం అడిగేది ఒకటే కదా, ఫస్ట్ ఎందుకు రాలేదని?

ఈ లెక్కలో ఒక్క బేస్ హిట్‌కూ, హోమ్ రన్‌కూ ఒకటే విలువ. అందుకని స్లగింగ్ అని ఇంకో లెక్క ఉంది. ఎన్ని బేస్‌లు చేరితే అన్ని మార్కులు. రూత్ కొట్టినవి 85 సింగిల్స్, 44 డబుల్స్, 16 ట్రిపుల్స్, 59 హోమ్ రన్లు. వాటిని వరుసగా 1, 2, 3, 4తో గుణించి కూడితే 457. దాన్ని 540తో భాగిస్తే 0.846. హైల్మన్‌ది 0.606 మాత్రమే.

మూడోది ఆన్ బేస్. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే బేస్‌కు నడిచి వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు. అది ఎట్ బ్యాట్‌లో లెక్కకు రాదు. రూత్‌కు 145 వాక్‌లు, బంతి ఒంటికి తగిలి బేస్ దక్కినవి 4. వాటిని పైనా కిందా కలిపితే 353ని 689తో భాగించాలి. జవాబు 0.512. సగం కంటే ఎక్కువసార్లు బేస్ చేరాడన్నమాట.

మనిషి ఒకడే, ఏడాదీ ఒకటే. ఏ లెక్కా తప్పు కాదు. ఒక్కో లెక్క ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది, అంతే.

రూత్ మొత్తం 714 హోమ్ రన్లు కొట్టాడు. 1,330 సార్లు బంతిని కొట్టలేక స్ట్రైక్ అవుట్ అయ్యాడు. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన మొదటి ఐదుగురిలో ఉన్నాడు. 1948 ఆగస్టు 16న, 53 ఏళ్లకు క్యాన్సర్‌తో చనిపోయాడు.

మా క్లాసులో ఒక బాబుకు మార్కులు తక్కువే. కానీ లెక్క అర్థంకాని పక్కవాడికి బొమ్మ గీసి చెప్పేది వాడే. ఆ బొమ్మకు కార్డులో గడి లేదు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు చూశాక మమ్మల్ని ఇంకొక్కటి అడగండి: ఈ నంబరులో లెక్కకు రానిది ఏమిటని. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.