గణాంక శాస్త్రవేత్త – మహలనోబిస్

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మన పెద్దలు చెబుతారు. అయితే కోట్లాది ప్రజలున్న దేశంలో ఆ మెతుకును ఎక్కడ నుండి తీయాలి? తీసిన మెతుకును ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్నలకు సమాధానం అన్వేషించడంలోనే జీవితాన్ని గడిపిన మేధావి ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి, ఉన్నత విద్యకై కేంబ్రిడ్జి వెళ్ళారు. స్వదేశానికి తిరిగివచ్చే తరుణంలో గణాంకశాస్త్రానికి సంబంధించిన ‘బయోమెట్రికా’ పత్రిక సంపుటాలు ఆయన కంటబడ్డాయి. ఓడ ప్రయాణంలో చదివిన ఆ సంపుటాలే ఆయన జీవిత గమనాన్ని మార్చివేశాయి. వృత్తిరీత్యా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినా, ఆయన మనస్సు గణాంకాలపైనే లగ్నమైంది.

1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. నీటిని నిలువరించేందుకు పెద్ద జలాశయాలు నిర్మించాలని నిపుణులు సూచించారు. మహలనోబిస్ సుమారు అర్ధశతాబ్దపు వర్షపాత వివరాలను పరిశీలించి, ఆ జలాశయాల వల్ల ప్రయోజనం లేదనీ, వరద నీరు త్వరగా పారిపోయే మార్గాలే అవసరమనీ నిరూపించారు. లెక్క తప్పితే ప్రజాధనం వృథా కావడమే కాక ప్రజల కష్టమూ తీరదని ఈ ఉదంతం చాటింది.

1931లో ఆయన కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఈ సంస్థలోనే చేరి, అనంతర కాలంలో జగద్విఖ్యాత గణాంక శాస్త్రవేత్త అయ్యారు.

బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని అంచనా వేయడానికి 1937లో మహలనోబిస్ ప్రయోగాత్మక సర్వే ప్రారంభించారు. ప్రతి పొలాన్నీ లెక్కించడానికి వ్యయమూ కాలమూ అధికం. కొన్ని పొలాలు చూసి అన్నింటి సంగతి ఎలా చెప్పగలరని పలువురు సందేహించారు. కుండలోని మెతుకులన్నీ ఒకే తీరుగా ఉడుకుతాయి కాని, పొలాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. అందుకే ఆయన పొలాల ఎంపికను మనుషుల ఇష్టానికి వదలక యాదృచ్ఛిక పద్ధతికి అప్పగించారు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను వేర్వేరుగా పంపి, వారు తెచ్చిన లెక్కలను సరిపోల్చారు. తేడా అధికంగా ఉంటే లోపం బయటపడేది. తన లెక్కను తానే శంకించి పరీక్షించుకోవడం ఆయన పద్ధతిలోని విశిష్టత.

మన దేశంలో 1881 నుండి 2011 వరకు పదేళ్ళకొకసారి జనగణన జరిగింది. అది ప్రతి వ్యక్తినీ లెక్కిస్తుంది. కాని ప్రజలు ఏమి తింటున్నారు, ఎంత ఖర్చు చేస్తున్నారు అనే వివరాలను ఏటా ఇంటింటా సేకరించడం దుస్సాధ్యం. ఈ కొరత తీర్చడానికి మహలనోబిస్ మార్గదర్శకత్వంలో 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైంది. మొదటి విడతకు దేశంలోని లక్షలాది గ్రామాలలో 1,833 గ్రామాలను ఎంపిక చేశారు. భాషలు, కొలతలు ప్రాంతానికొక తీరుగా ఉన్న దేశంలో ఇది సాహసమే. ద్వితీయ పంచవర్ష ప్రణాళికకు రూపకల్పన చేసినవారు కూడా ఆయనే.

1968లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్న మహలనోబిస్ 1972 జూన్ 28న పరమపదించారు. ఆయన జన్మదినాన్ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నారు. పేదవాని ఆకలి అంకెగా నమోదు కానిదే ప్రభుత్వ ప్రణాళికలో దానికి చోటు దక్కదు. ఆ అంకె సత్యమై ఉండాలన్నదే మహలనోబిస్ జీవితకాల తపస్సు.