సముద్రానికి పాఠాలు కూర్చిన పెద్దమనిషి

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. గాంధీగారి గురించీ, విశ్వేశ్వరయ్యగారి గురించీ నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను హెరాల్డ్ స్వెర్‌డ్రూప్ గారిని ఎంచుకున్నాను. పేరు పలకడానికి నోరు తిరగకపోవచ్చు గాని, నార్వే, అమెరికా దేశాల్లో ఆయన పేరు తెలియని సముద్ర శాస్త్రజ్ఞుడు ఉండడు. మా మనవరాలు సముద్ర శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేరతానన్నప్పుడు, ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆ సందర్భంలో ఈయన గురించి చదవడం మొదలుపెట్టాను.

ఆయన 1888 నవంబరు 15న నార్వేలోని సోగ్న్‌డాల్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి క్రైస్తవ మతశాస్త్రం బోధించే పండితుడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. ఇంటి సంప్రదాయం ఒకవైపు, సైన్సు మీద మనసు మరొకవైపు లాగి కుర్రవాడు కొంతకాలం నలిగిపోయాడు. చివరికి సైన్సే గెలిచింది. మొదట ఖగోళశాస్త్రం చదవాలనుకున్నా, వాతావరణ శాస్త్రంలో ఉద్దండుడైన విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ దగ్గర 1911లో సహాయకుడిగా చేరి, గురువుతోపాటు జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్ళారు. అట్లాంటిక్ మీద వీచే వ్యాపార పవనాల గురించి పరిశోధన చేసి 1917లో డాక్టరేటు పుచ్చుకున్నారు.

ఆ మరుసటి ఏడే ఆయన జీవితం మలుపు తిరిగింది. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన అమండ్‌సెన్ 'మాడ్' అనే ఓడలో ఉత్తర సముద్రాలకు బయలుదేరుతూ, శాస్త్ర పరిశోధనల బాధ్యత ఈయనకు అప్పగించారు. మూడు నాలుగేళ్ళ పని అనుకున్నది ఏడేళ్ళు పట్టింది. ఓడ మంచులో ఇరుక్కుపోయింది. 1919లో ఇద్దరు నావికులకు ఉత్తరాలు, స్వెర్‌డ్రూప్ రాసిన లెక్కల కాగితాలు ఇచ్చి మంచు మీదుగా పంపారు. ఇద్దరూ దారిలోనే ప్రాణాలు విడిచారు. ఆ కాగితాల మూటలు మాత్రం 1922లో దొరికాయి. జీవితమంతా కాగితాలు మోసి, దస్త్రాలు కట్టిన మనవంటివారం ఈ సంగతి చదివి ఊరికే పేజీ తిప్పలేం.

అదే కాలంలో ఆయన ఓడ దిగి, దుప్పులు కాచుకొని బతికే చుక్చీ జనం గుడారాల్లో ఏడెనిమిది నెలలు ఒంటరిగా గడిపారు. వాళ్ళ భాష కొంత నేర్చుకుని, తరవాత వాళ్ళ మీద ఒక పుస్తకమే రాశారు. 1920 నాటికి ఓడలో మిగిలింది నలుగురు. అమండ్‌సెన్ 1922లో విమానాల మోజులో ఓడ వదిలి వెళ్ళిపోయారు, తరవాత దివాళా కూడా తీశారు. స్వెర్‌డ్రూప్ మాత్రం 1925 దాకా పోటుపాట్లు, ప్రవాహాలు కొలుస్తూనే ఉన్నారు. సైబీరియా తీరం దాపున సముద్రపు పోటు ఎలా నడుస్తుందో 1926లో ఆయన ప్రచురించిన గ్రంథం ఈ చలికి పండిన పంటే. నలభయ్యో ఏట, 1928లో, పెళ్ళి చేసుకుని ఆమె కూతుర్ని తన కూతురుగా దత్తత తీసుకున్నారు. 1931లో ఒక పాత జలాంతర్గామిలో మంచు కిందికి కూడా వెళ్ళి వచ్చారు. దాని చుక్కానులు ఊడిపోయి ధ్రువం దాకా పోలేకపోయారు గాని, కొలతలు మాత్రం తెచ్చారు.

అసలు విషయం 1936లో మొదలైంది. కాలిఫోర్నియాలోని లా హోయాలో స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ ఉంది. దానికి డైరెక్టరుగా మూడేళ్ళకు రమ్మన్నారు. మన భాషలో చెప్పాలంటే డిప్యుటేషన్. ఆ మూడేళ్ళు పన్నెండేళ్ళయ్యాయి. ఆయన వెళ్ళేసరికి అక్కడ పట్టుమని ఇరవైమంది సిబ్బంది లేరు. ఉన్న ఒక్క పడవా ఆ నవంబరులోనే పేలి మునిగిపోయింది. స్క్రిప్స్ కుటుంబంవారు ఒక విలాస నౌక కొని ఇస్తే దాన్ని పరిశోధన ఓడగా మార్చుకున్నారు.

అప్పటిదాకా అక్కడ విద్యార్థి అంటే ఒక ఆచార్యుడి దగ్గర చేరి చేపల గురించో, ఇసుక గురించో తన మూలన తాను పని చేసుకునేవాడు. ఆయన ఈ పద్ధతి మార్చారు. చేపలు చదివేవాడికి ప్రవాహాల లెక్కలు రావాలి, ప్రవాహాలు చదివేవాడికి ఉప్పునీటి రసాయనం తెలియాలి, అందరికీ సముద్రపు అడుగు తెలియాలి అని క్రమమైన పాఠ్యప్రణాళిక పెట్టారు. నేటికీ సముద్ర శాస్త్రంలో ఎం.ఎస్సీ. మొదటి ఏడు పాఠాలు దాదాపు ఈ వరసలోనే ఉంటాయి. పాఠాలున్నాయి గాని పుస్తకం లేదు. మార్టిన్ జాన్సన్, రిచర్డ్ ఫ్లెమింగ్ అనే ఇద్దరితో కలిసి వెయ్యి పేజీలు దాటిన 'ది ఓషన్స్' రాసి 1942లో అచ్చువేయించారు. శత్రువులకు పనికొస్తుందని యుద్ధకాలంలో దాన్ని బయటి దేశాలకు పోనివ్వలేదట. పాఠ్యపుస్తకానికి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

1939 వేసవిలో వాల్టర్ మంక్ అనే కుర్రాడు వచ్చి శిష్యుడిగా చేరతానన్నాడు. రాబోయే పదేళ్ళలో ఈ చదువుకు ఒక్క ఉద్యోగమైనా వస్తుందని తనకు తోచడం లేదని గురువుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. అయినా కుర్రాడు చేరాడు. నాలుగేళ్ళు తిరగకుండానే ఇద్దరూ కలిసి యుద్ధానికి పనికొచ్చే విద్య కనిపెట్టారు. గాలి ఎంత వేగంతో, ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద వీస్తే ఎంత ఎత్తు అల లేస్తుంది, ఆ అల వందల మైళ్ళు ప్రయాణించి ఒడ్డున ఎలా విరుగుతుంది అని ముందుగా లెక్కకట్టే పద్ధతి అది. అయిదారు అడుగుల అల విరిగితే సైనికులను దింపే పడవలు తిరగబడేవి. స్క్రిప్స్‌లో రెండువందలమందికి పైగా వాతావరణ అధికారులు ఈ లెక్క నేర్చుకున్నారు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైన్యాలు దిగినప్పుడు అలల అంచనా వేసినవారిలో వీరి శిష్యులున్నారు.

ఇంత చేసిన మనిషిని అమెరికా ప్రభుత్వం నమ్మలేదు. 1942లో ఆయనకు రహస్య పత్రాలు చూసే అనుమతి తీసేశారు. జర్మన్లు ఆక్రమించిన నార్వేలో ఆయన బంధువులు ఉండడమే కారణమన్నారు. సంస్థలోనే కొందరు సహోద్యోగులు ఆయన మీద అనుమానాలు వ్యక్తం చేశారని తరవాతి పరిశోధకులు పాత ఫైళ్ళు తిరగేసి తేల్చారు. అదే ఏడు మే నెలలో ఆయన తమ్ముడు ఐనార్ స్పిట్స్‌బెర్గెన్‌లో జర్మన్ విమానదాడికి బలయ్యాడు. మరో తమ్ముడు లీఫ్ అమెరికా సైన్యంలోనే ఇంజనీరు, పసిఫిక్ దీవుల్లో విమానాశ్రయాలు కట్టి జనరల్ హోదాకు ఎదిగినవాడు. పోలీసు వెరిఫికేషన్ ఫైలు ఒకసారి వంకరపోతే దాన్ని తిన్నగా చేయడం ఎంత కష్టమో సర్వీసులో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆయన పాఠాలు మానలేదు, అలల లెక్కా మానలేదు. నా దృష్టిలో నార్మండీకన్నా ఇదే ఆయన జీవితంలో పెద్ద సంగతి.

గాలి సముద్రాన్ని ఎలా నడుపుతుందో చెప్పే ఆయన సూత్రం 1947లో వెలువడింది. 1948లో స్వదేశం వెళ్ళి ధ్రువ పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. 1952లో కేరళ తీరపు జాలరుల కోసం నార్వే మొదలుపెట్టిన సహాయ పథకంలోనూ ఆయన బాధ్యత తీసుకున్నారు. 1957 ఆగస్టు 21న ఆస్లోలో కన్నుమూశారు.

మన ఊరికి చుట్టరికం ఇక్కడ చెప్పాలి. స్క్రిప్స్‌లో ఆయన కింద పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్ర బోధనకు, పరిశోధనకు ఊపిరిపోశారు. నౌకాదళం ఓడల మీద మన కుర్రాళ్ళను బంగాళాఖాతంలోకి తీసుకెళ్ళి కొలతలు నేర్పారు. విశాఖ ఎదుట సముద్రం అడుగున ఆయన బయటపెట్టిన లోయల్లో ఒకదాని పేరు ఆంధ్ర. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ జాలరులకు చెప్పే అల ఎత్తు కూడా స్వెర్‌డ్రూప్, మంక్‌ల పద్ధతిదే. వచ్చిన అలల్లో పెద్దవైన మూడోవంతు తీసి, వాటి సగటు చెబుతారు. తుపాను సహాయం ఫైళ్ళు చూసే సెక్షనులో నేను ఉన్న రోజుల్లో ఈ అంకె ఎలా వస్తుందో మాకు చెప్పినవారు లేరు.

సముద్ర ప్రవాహాన్ని కొలిచే కొలమానానికి ఆయన పేరే పెట్టారు. సెకనుకు పది లక్షల ఘనపు మీటర్ల నీరు పారితే ఒక స్వెర్‌డ్రూప్. మనలో గోదావరి జిల్లాల్లో పనిచేసినవారికి 1986 ఆగస్టు వరద గుర్తుండే ఉంటుంది. దవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అలాంటి గోదావరులు పది కలిస్తే ఒక స్వెర్‌డ్రూప్ అవుతుంది. అమెరికాలో ఫ్లోరిడా పక్కగా పోయే గల్ఫ్ స్ట్రీమ్ సుమారు ముప్పై స్వెర్‌డ్రూపులు, అంటే అంతటి గోదావరులు మూడువందలు.