క్రిస్టియాన్ ఐక్‌మన్

పందొమ్మిదవ శతాబ్దమున, బియ్యము ముఖ్యాహారముగాగల తూర్పు దేశములలో బెరిబెరి యను వ్యాధి వేలకొలది ప్రజలను బలిగొనుచుండెను. అది నరముల వ్యాధి. మొదట కాళ్లు తిమ్మిరెక్కును, పిదప చచ్చుబడును, తుదకు గుండె క్షీణించి రోగి మరణించును. మన ఉత్తర సర్కారు జిల్లాలలోను అది యుండెడిది. దాని మర్మమును కనుగొనుటకు దారి చూపినవాడు డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్.

ఐక్‌మన్ 1858వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశమున జన్మించెను. సైనిక వైద్యుడై తూర్పు దీవులకు వచ్చి, మలేరియా సోకుటచే స్వదేశమునకు మరలెను. ఆరోగ్యము చక్కబడిన పిమ్మట బెర్లిన్ నగరమున రాబర్ట్ కాక్ పండితునికడ సూక్ష్మజీవి శాస్త్రము నభ్యసించెను. 1886లో, బెరిబెరిని పరిశోధించు సంఘముతో మరల జావా ద్వీపమునకు వచ్చెను.

ఆ వ్యాధికి సూక్ష్మజీవియే కారణమని అందరివలె ఆయనయు తలచెను. రోగులనుండి తీసిన పదార్థమును కోళ్లకెక్కించి చూచెను. కోళ్ల కాళ్లు చచ్చుబడెను. కాని ఏమియు ఎక్కింపని కోళ్లును అట్లే కూలెను! మరికొంత కాలమునకు, ఏ చికిత్సయు లేకయే కోళ్లన్నియు కోలుకొనెను. ఐక్‌మన్ ఆశ్చర్యపడి, వాని మేతను గూర్చి విచారించెను. సైనిక వైద్యశాలలో మిగిలిన మరబియ్యపు అన్నమునే కొంతకాలము కోళ్లకు పెట్టిరి. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నమును కోళ్లకీయ నిరాకరించెను. అందుచే వానికి ముడిబియ్యము పెట్టవలసివచ్చెను. నాటినుండియే కోళ్లు తేరుకొనెను.

కోళ్ల విషయమున నిజమైనది మనుష్యుల విషయమున నిజమగునా? వోర్డర్‌మన్ అను అధికారి జావాలోని చెరసాలలను పరీక్షించెను. మరబియ్యము తిను ఖైదీలలో 39 మందికొకనికిని, ముడిబియ్యము తినువారిలో 10,000 మందికొకనికిని బెరిబెరి కలదని తేలెను.

మరబియ్యములో విషమున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు ఐక్‌మన్ ఊహించెను. ఆయన తరువాత పరిశోధన సాగించిన గ్రీన్స్ 1901లో ఈ ఊహను సవరించెను. విషము లేదు; తవుటిలో నరములకు అవసరమైన పోషక పదార్థము కలదు; మరలో అది పోవుచున్నది. ఐక్‌మన్ ఈ సత్యమును పిదప అంగీకరించెను. ఆ పదార్థమే నేటి విటమిన్ బి1. 1929లో ఆయనకు, హాప్కిన్స్ పండితునితోబాటు, నోబెల్ బహుమానము లభించెను. మరుసటి యేడే ఆయన పరమపదించెను.

తాను వెదకిన సూక్ష్మజీవి ఐక్‌మన్‌కు దొరకలేదు. కాని అనుకొన్నది జరుగనప్పుడు విసుగుచెందక, జరిగినదానిని శ్రద్ధతో పరికించుటచే ఎందరి ప్రాణములో నిలిచెను.