ఓటు లేని స్వరం

ఓటు లేనివారి మాటకు విలువ ఉంటుందా? పోపు ఆరవ పాల్ జీవితాన్ని చూస్తే మనకు జవాబు దొరుకుతుంది.

1897లో ఇటలీలో జన్మించిన ఆయన అసలు పేరు జొవాన్నీ మొంతీనీ. వాటికన్ కార్యాలయంలో సుమారు 30 ఏళ్లు సేవచేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జాడ తెలియని సైనికుల, ఖైదీల సమాచారం సేకరించి వారి కుటుంబాలకు అందించే పనిని పర్యవేక్షించారు. 1963లో పోపు అయ్యారు.

మరుసటి ఏడాది పోపు పీఠం ఐక్యరాజ్యసమితిలో శాశ్వత పరిశీలక హోదా పొందింది. పరిశీలకునికి సభలో చోటు ఉంటుంది గాని ఓటు ఉండదు. 1965 అక్టోబరు 4న ఆయనే న్యూయార్క్ వెళ్లి, ఇక యుద్ధం వద్దని సర్వప్రతినిధి సభను వేడుకున్నారు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య కాల్పులు ఆగి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. వియత్నాంలో యుద్ధం సాగుతూనే ఉంది, ఆ తర్వాతా ఆగలేదు. అయినా ఆయన మౌనంగా ఉండలేదు. 1978లో కన్నుమూశారు.

2004లో ఆ పీఠానికి సాధారణ చర్చలో మాట్లాడే హక్కు వచ్చింది. ఓటు మాత్రం నేటికీ లేదు.

మన సంఘ కమిటీల్లో ఓటు లేని విధవరాండ్రు, యౌవనస్థులు ఎందరో ఉన్నారు. వారి మాట విందాం. మనకు ఓటు లేనిచోట కూడా సత్యం పలుకుదాం.