పరదైసు సందులో అద్దె పుస్తకం

పరదైసు అనగానే మనకు సిలువ మీది దొంగకు ప్రభువిచ్చిన మాటే గుర్తొస్తుంది. అయితే 1865లో లండన్ నగరంలో, మేరిల్‌బోన్ అనే పేటలో అదే పేరుతో ఒక సందు ఉండేది. ఇంగ్లీషులో పారడైజ్ ప్లేస్! ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సందులో అడుగుపెట్టినవారికి పరదైసు ఛాయలు ఏమీ కనబడేవి కావు. గోడల మీది గచ్చు పెచ్చులుగా రాలిపోతోంది. కప్పులోంచి కారే వాననీళ్లు పట్టడానికి మెట్ల మీద బకెట్ పెట్టుకున్నారు. చీకటి మెట్లకు ఆసరాగా ఉండాల్సిన కర్రలను అద్దెకున్నవారే విరిచి పొయ్యిలో పెట్టేశారు. ఇళ్లన్నిటికీ కలిపి ఒకటే నీళ్ల పీపా, అదీ చిల్లులది. నీళ్లు వదిలినప్పుడు కూజా నింపుకోనివారికి ఆ రోజుకు నీళ్లు లేనట్టే. బట్టలుతికే గదిలో ఇంటి యజమాని తన పాత సామాను కుక్కి తాళం వేసుకున్నాడు. కాబట్టి వంట, ఉతుకు, తిండి, నిద్ర అన్నీ ఒక్క గదిలోనే!

ఆ ఏడాది ఒక రోజు పాత యజమాని ఆఖరిసారి అద్దె వసూలుకు వెళ్తూ 26 ఏళ్ల యువతిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇకపై అద్దె ఈమెకే కట్టాలని అందరికీ చూపించాడు. ఆమే ఆక్టేవియా హిల్. ఇంగ్లండులో పేదల ఇళ్ల చరిత్ర రాసేవారెవరూ ఆమె పేరు రాయకుండా ముందుకు వెళ్లలేరు. మన సంఘాల్లో మాత్రం ఆమె గురించి విన్నవారు తక్కువే. ఫ్లోరెన్స్ నైటింగేల్ కథ మనం సండేస్కూల్లోనే వింటాం. ఆమె కాలంలోనే, ఆమె ఊళ్లోనే పనిచేసిన ఈ భక్తురాలిని ఎందుకో మరచిపోయాం. బహుశా అద్దె వసూలు చేయడం కూడా ఒక పరిచర్యేనంటే మనకు మింగుడుపడదేమో!

ఆక్టేవియా 1838 డిసెంబరు 3న విజ్‌బీచ్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి జేమ్స్ హిల్‌కు ఎనిమిదో కూతురు కాబట్టి లాటిన్‌లో ఎనిమిదోది అని అర్థమొచ్చే పేరు పెట్టారు. తండ్రి ధాన్యం వ్యాపారి, బ్యాంకు కూడా నడిపాడు. మంచి ఆశయాలున్న మనిషి. పేద పిల్లల కోసం భార్యతో కలిసి బడి కూడా పెట్టాడు. కానీ 1840లో దివాలా తీశాడు. ఇల్లు పోయింది, ఆ దెబ్బకు అతని మనస్సు కూడా చెదిరిపోయింది. అప్పటికి ఆక్టేవియా ఇంకా రెండేళ్లు నిండని పసిపిల్ల. ఇక ఆ కుటుంబాన్ని నిలబెట్టినవారు తల్లి కారొలిన్, ఆమె తండ్రి డాక్టర్ థామస్ సౌత్‌వుడ్ స్మిత్. ఆ తాతగారు లండన్‌లో జ్వరాల ఆస్పత్రి వైద్యుడు. పేదవాడలను పీడించే జ్వరాలకు మూలం మురుగూ ఇరుకూ అని ప్రభుత్వానికి నివేదికలు రాసి రాసి అలసిపోయిన మనిషి. అలా ఇల్లు పోగొట్టుకోవడమంటే ఏమిటో, మనుషులను చంపే ఇళ్లు ఎలా ఉంటాయో ఆ అమ్మాయికి చిన్ననాడే తెలిసింది.

14 ఏళ్ల వయసుకే ఆమె ఉద్యోగంలో చేరింది. పేద స్త్రీలకు చేతిపని కల్పించే ఒక సహకార సంఘాన్ని తల్లి నడుపుతుంటే, అందులో బొమ్మల సామాను తయారుచేసే పేద బాలికల గుంపును ఆక్టేవియాకు అప్పగించారు. పనికి రాని పిల్ల కోసం వెతుక్కుంటూ ఆమె వాళ్ల ఇళ్లకు వెళ్లేది. పనిచోట నవ్వుతూ కనిపించే పిల్లలు రాత్రికి ఎలాంటి గదుల్లో తలదాచుకుంటున్నారో అప్పుడు చూసింది.

ఆమె విశ్వాసాన్ని మలచినవాడు ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్ అనే దైవజనుడు. క్రీస్తు రాజ్యం ఆదివారపు ఆరాధనతో ముగియదని, పనిచోటా వీధిలో కూడా అది కనబడాలని బోధించిన వ్యక్తి. నిత్యశిక్ష గురించి ఆయన చెప్పినది నచ్చక 1853లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన బోధనంతటితో మనం ఏకీభవించకపోవచ్చు గానీ ఆయన దగ్గర తయారైన శిష్యులను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. యూనిటేరియన్ కుటుంబంలో పెరిగిన ఆక్టేవియా ఆయన ప్రభావంతోనే 1857లో ఆంగ్లికన్ సంఘంలో చేరింది.

తరువాత హిల్ కుటుంబం లండన్‌లోని నాటింగ్‌హామ్ ప్లేస్‌లో తమ ఇంట్లోనే బడి నడిపింది. ఇరుగుపొరుగు పేద స్త్రీలు సాయంత్రాలు ఆ ఇంటి వంటగదిలో కూర్చుని బట్టలు కుట్టుకునేవారు. ఒక రాత్రి వారిలో ఒక స్త్రీ సొమ్మసిల్లి పడిపోయింది. ఆమెను ఇంటికి చేర్చబోయిన ఆక్టేవియాకు కనిపించింది నేలమాళిగలో ఒక చెమ్మ గది. వేరే మంచి గది చూద్దామని ఆమె ఎంతో తిరిగింది. పిల్లలున్న బీద కుటుంబమంటే గది ఇచ్చేవారే దొరకలేదు. అప్పటినుంచి ఆమెకు ఒకటే ఆలోచన, ఇళ్లు తన చేతిలో ఉంటే తప్ప ఇది మారదని!

కానీ డబ్బెక్కడిది? ఇక్కడ జాన్ రస్కిన్ వస్తాడు. గాంధీగారిని కదిలించిన 'అన్‌టు దిస్ లాస్ట్' రాసిన రస్కినే. పాత చిత్రాలకు నకళ్లు గీయడానికి ఆక్టేవియాను ఏళ్ల తరబడి పెట్టుకున్నది ఆయనే. 1864లో తండ్రి చనిపోవడంతో ఆయనకు పెద్ద ఆస్తి వచ్చింది. పారడైజ్ ప్లేస్‌లో ఒక్కోటి ఆరు గదులున్న మూడిళ్లను 56 ఏళ్ల లీజు మీద 750 పౌండ్లకు కొని ఆమె చేతిలో పెట్టాడు. అయితే ఒక షరతు, పెట్టుబడి మీద ఏటా 5 శాతం రావాలి. ఇది వినడానికి కఠినంగానే ఉంటుంది. ఆయన లెక్క వేరు. ధర్మంగా ఇచ్చేస్తే ఆ మూడిళ్లతోనే కథ ముగిసిపోతుంది. న్యాయమైన రాబడితో నడిచి చూపిస్తే ఇతరులు కూడా ఆ దారిలోకి వస్తారు.

ఇక అద్దె పుస్తకం తెరిచేసరికి ఆమె నిర్ఘాంతపోయింది. చాలామంది ఆరు, ఏడు, ఎనిమిది వారాల బాకీ! పాత యజమాని చెడ్డవాడేమీ కాదని ఆమే రాసింది. కానీ అతని బెదిరింపులకు ఎవరూ భయపడేవారు కాదు. ఆఖరిరోజున జప్తుకొచ్చిన మనిషి అని నమ్మించడానికి ఎవరినో వెంట తెచ్చుకున్నాడట పాపం! మరి నష్టం ఎలా పూడ్చుకునేవాడు? నిజాయితీగా కట్టేవారి మీద ఎక్కువ అద్దె వేసి. అంటే ఎగ్గొట్టేవాడి అద్దెను పక్క గదిలోని నిజాయితీపరుడు కడుతున్నాడన్నమాట. మరమ్మతు అడిగితే ఇష్టం లేకపోతే పొమ్మనేవాడు. ఇంతకంటే ఘోరమైన మాట మరో యజమాని ఆమెతో అన్నాడు. అతని వృత్తి శవపేటికలు చేసి అంత్యక్రియలు జరిపించడం. అద్దెలు సరిగా రాకపోయినా ఆ ఇళ్లలో జరిగే చావులతోనే తనకు గిట్టుబాటవుతోందని దాపరికం లేకుండా చెప్పాడట! ఇది చదివి మేము చాలాసేపు ముందుకు కదలలేకపోయాం.

ఆక్టేవియా చేసిన మొదటి పని ఉతుకు గది తాళం తీయించడం. మురుగు కాలువలు, నీళ్లు, పైకప్పు బాగుచేయించింది. ప్రతివారం తానే తలుపు తట్టి అద్దె తీసుకునేది. రెండో వారం బాకీ పడనిచ్చేది కాదు. ఒక్క గదిలో కుక్కుకున్న కుటుంబాలు రెండో గది తీసుకునేలా దాని అద్దె బాగా తగ్గించింది. మరమ్మతులకు ఏటా ఒక సొమ్ము కేటాయించి, పగలగొట్టుకోకుండా మిగిల్చుకుంటే ఆ మిగులుతో తమ ఇంటికి ఏం కావాలో అద్దెకున్నవారే వంతులవారీగా తేల్చుకోవచ్చంది. అంతే, అంతవరకు కిటికీలు పగలగొట్టిన చేతులే వాటిని కాపాడటం మొదలుపెట్టాయి! ఎదిగిన ఆడపిల్లలకు నడవలు కడిగే పని, మగవారికి చేతిలో పనిలేని రోజుల్లో సున్నం, రంగులు, చిన్న మరమ్మతుల పని ఇచ్చి కూలి కట్టేది. అద్దెతోపాటు పొదుపు డబ్బు కూడా తీసుకుని జాగ్రత్త చేసేది. పిల్లలకు తరగతులు, స్త్రీలకు కుట్టుపని, ఏడాదికోసారి అందరూ కలిసి పల్లెకు విహారయాత్ర. 1866లో రస్కిన్ ఫ్రెష్‌వాటర్ ప్లేస్‌లో మరో ఐదిళ్లు కొన్నప్పుడు వాటి పక్కనున్న పాడు జాగాను పిల్లల ఆటస్థలం చేసి చెట్లు నాటించింది.

గమనించండి, ఆమె ఎవరికీ ఉచితంగా ఏమీ ఇవ్వలేదు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి ఫొటో దిగి వచ్చేయడానికి అలవాటుపడిన మనకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే సంగతే. ఆమె వెళ్లింది దాతగా కాదు, అద్దె తీసుకునే మనిషిగా. కాబట్టి పైకప్పు కారుతోందని ఆమెను నిలదీసే హక్కు ఆ ఇంటి తల్లికి ఉండేది. దుప్పటి తీసుకున్నవారికి ఆ హక్కు ఉంటుందా? పైగా అద్దెకు వెళ్లి ప్రసంగం చేయడం ఆమె పద్ధతి కాదు. వారం వారం వెళ్లేది కాబట్టి ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరి భర్తకు పని పోయిందో ఆమెకు ముందే తెలిసేది.

అయితే మరో పక్క కూడా చెప్పాలి. కట్టనివారిని, ఆమె దృష్టిలో నీతి తప్పినవారిని ఖాళీ చేయించేది. వారంతా ఎక్కడికి పోయారు? మరో యజమాని కింద, మరో పరదైసు సందులోకే కదా! ఎంత కష్టపడినా వారం వారం అద్దెకు డబ్బు మిగలనివారికి ఆమె పద్ధతిలో చోటు లేకపోయింది. దీన్ని దాచిపెట్టి ఆమెను పొగడటం మాకిష్టం లేదు. ఆమె తీసుకున్న ఇళ్లలో మారినవారు నిజం, బయటికి వెళ్లినవారూ నిజమే.

1874 నాటికి 15 చోట్ల, సుమారు 3,000 మంది ఆమె పర్యవేక్షణలో ఉన్న ఇళ్లలో బతుకుతున్నారు. ఒక్కరితో అయ్యే పని కాదు కాబట్టి యువతులకు తర్ఫీదు ఇచ్చింది. చదువుకున్న ఆడపిల్లకు ఇంటి గడప దాటి చేయదగిన ఉద్యోగాలే లేని ఆ రోజుల్లో ఇళ్ల నిర్వహణ అనే కొత్త వృత్తి ఆమె వల్లనే పుట్టింది. అలా ఆమె దగ్గర పనిచేసిన హెన్రియెట్టా, శామ్యూల్ బార్నెట్ అనే సేవకుణ్ని పెళ్లాడి లండన్ తూర్పువైపు మురికివాడకే కాపురానికి వెళ్లింది. ఆ దంపతులు 1884లో మొదలుపెట్టిందే టాయిన్‌బీ హాల్. ఆక్టేవియా 1875లో ప్రచురించిన 'హోమ్స్ ఆఫ్ ది లండన్ పూర్' పుస్తకాన్ని విక్టోరియా రాణి కూతురు ఆలిస్ జర్మన్ భాషలోకి తెచ్చింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1896లో ఆమె పేరుతోనే ఒక గృహసంస్థ వెలిసింది.

మధ్యలో ఎదురుదెబ్బలు లేకపోలేదు. 1877లో రస్కిన్‌తో స్నేహం చెడింది. ఆయన ఆమెను అచ్చులోనే విమర్శించాడు. ఆరోగ్యం కూలి ఆమె చాలాకాలం విదేశాల్లో విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది.

మనల్ని ఎక్కువగా గుచ్చే ఘట్టం 1884లోనిది. ఇంగ్లండు సంఘపు ఆస్తులు చూసే కమిషనర్ల కింద లండన్‌లోని సదర్క్‌లో చాలా ఇళ్లుండేవి. వాటిలో కొన్ని ఎంతో అధ్వానంగా ఉండేవి. అంటే ఆదివారం దరిద్రుల గురించి వాక్యం వినిపించే సంఘమే సోమవారం ఆ దరిద్రుల ఇంటి యజమాని! ఆ ఇళ్లు కొన్నిటిని కమిషనర్లు ఆక్టేవియాకు అప్పగించారు. అక్కడ కాలిపోయిన కాగితపు కార్ఖానా జాగాలో బూడిద తీయించి 1887లో రెడ్ క్రాస్ గార్డెన్ అనే తోటను, పక్కనే చిన్న చిన్న ఇళ్లను, మరుసటి ఏడాది కార్మికులు కూడుకోవడానికి ఒక హాలును ఏర్పాటు చేసింది. పని అయిపోయాక పేదవాడు కూర్చోవడానికి పచ్చని చోటుండాలన్న ఈ పట్టుదలే 1895లో మరో ఇద్దరితో కలిసి నేషనల్ ట్రస్ట్ స్థాపించేలా చేసింది. తరువాత వాల్‌వర్త్‌లో కమిషనర్లు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టినప్పుడు కూడా ఆమెనే పిలిచారు.

ముసలితనంలో లోకం ఆమెను దాటి వెళ్లిపోయింది. ప్రభుత్వమే పేదలకు ఇళ్లు కట్టడం ఆమెకు నచ్చలేదు. వృద్ధులకు పింఛను ఇవ్వడమూ నచ్చలేదు, స్త్రీలకు ఓటు హక్కును కూడా వ్యతిరేకించింది. మేమైతే ఈ మూడింటిలోనూ ఆమె పొరబడిందనే అనుకుంటున్నాం. లక్షలాది మందికి ఇల్లు కావాలంటే తలుపు తలుపూ తట్టే కొందరు స్త్రీల ఓపిక ఒక్కటే చాలదు. కానీ ఆ తరువాత ప్రభుత్వాలు కట్టిన పెద్ద పెద్ద భవనాల్లో పీపా కారుతోందని చెప్పుకోవడానికి మనిషి దొరకక అవస్థపడినవారు ఆమెను తలచుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

1912 ఆగస్టు 13న కెంట్ జిల్లాలోని క్రాకమ్ హిల్‌లో ఆమె కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, రాజుల పక్కన సమాధికి చోటిస్తామన్నారు. కుటుంబం వద్దంది. ఆ పల్లె చర్చి ఆవరణలో, రెండేళ్ల ముందు చనిపోయిన అక్క మిరాండా పక్కనే ఆమెను పాతిపెట్టారు. లండన్‌లోని ఆ సందుకు ఇప్పుడు పరదైసు పేరు లేదు, గార్బట్ ప్లేస్ అంటారు. ఆమె పని మొదలుపెట్టింది ఇక్కడే అని చెప్పే నీలిరంగు గుండ్రటి ఫలకం ఒకటి అక్కడి గోడకు ఉంది.