ఆచార్య మీనాక్షిసుందరముగారు

బమ్మెర పోతన పేరు వినని యిల్లు మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో లేదు. పాలకుఱికి సోమనాథుని పేరును అట్టిదే. మన గ్రంథాలయపు బీరువాలలో కవుల చరిత్రలు వరుసగా నున్నవి గాని గణితవేత్తల చరిత్రలు మిక్కిలి తక్కువ. లెక్కలు వ్రాయుటయే బ్రతుకుతెరువైన నాకు ఈ కొఱత చిరకాలముగా మనసున నున్నది. అందుచే ఈ రజతోత్సవ సంచికలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పాఠములు చెప్పుచు ప్రపంచ గణితశాస్త్రమున పేరు నిలుపుకొన్న సుబ్బరామయ్య మీనాక్షిసుందరముగారిని గూర్చి వ్రాయబూనితిని.

వారు 1913వ సంవత్సరమున కేరళదేశమందలి త్రిచూరులో జన్మించిరి. చదువు చెన్నపట్టణములో సాగినది. లయోలా కళాశాలనుండి పట్టము పొంది మద్రాసు విశ్వవిద్యాలయమున ఆనందరావుగారి యొద్ద పరిశోధనకు చేరిరి. ఆనందరావుగారు కేంబ్రిడ్జిలో హార్డీ దొరగారి శిష్యులు. అదే కాలమున ఫ్రాన్సునుండి వచ్చిన రసీన్ అను క్రైస్తవ ఫాదిరీ, ఐరోపాలో అప్పుడప్పుడే వెలువడుచున్న క్రొత్త గణితమును ఈ యువకునకు పరిచయము చేసెను. దూరదేశపు విద్య మనిషి చేతిమీదుగా రావలసిన రోజులవి.

1940లో డాక్టరు పట్టము వచ్చినది గాని ఉద్యోగము రాలేదు. పరీక్షలకు పోవు పిల్లలకు ప్రైవేటు పాఠములు చెప్పుచు కొంతకాలము గడుపవలసి వచ్చెను. అనంత శ్రేణుల మొత్తములు కట్టగల పండితుడు నెలసరి ఖర్చులకు లెక్క చూచుకొనవలసిన స్థితి! పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి అధ్యాపక పదవి నిచ్చినది. తరువాతి జీవితము చాల భాగము అచ్చటనే గడచినది.

వారి పరిశోధన యేమన, మన డప్పునే తలచుకొందము. వాయించుటకు ముందు డప్పును మంటకు కాచుట మనమెల్లరము చూచినదే. వేడికి తోలు బిగిసి ధ్వని తేరుకొనును. ఆ ఒక్క దెబ్బలో పెక్కు శుద్ధస్వరములు కలసి యుండును. వానిలో ఒకదాని పాలు తీసి చూచునప్పుడు మరొకటి అందు చొరబడదు. చిట్టాలో రామయ్య ఖాతా వేరు, సోమయ్య ఖాతా వేరు అన్నట్లు. గణితజ్ఞులు దీనిని లంబత్వ మందురు. అన్ని ఖాతాలను వరుసగా కూడినచో మొదటి ధ్వని తిరిగి వచ్చునా? మొత్తము ఒక విలువయొద్ద కుదురుకొనునా? ఇదే అభిసరణ సమస్య.

తీగెకు పొడవొక్కటే కనుక స్వరములు ఒకటి, రెండు, మూడని వరుసలో నిలుచును. తోలుకు పొడవు వెడల్పు రెండునూ గలవు. అచ్చట ఏ వరుసలో కూడవలెనన్నదే చిక్కు. చతురస్రములుగా కూడుచు పోయిన ఒక తీరు, వలయములుగా కూడిన మరొక తీరు. ఒక పద్ధతిలో కుదురుకొన్నది మరొక పద్ధతిలో కుదురుకొనక పోవచ్చును. కుదురుకొననిచోట సగటు తీయవలెను. ఒక రూపాయి జమ, ఒక రూపాయి ఖర్చు, మరల జమ, మరల ఖర్చు అని వ్రాసిన నిలువ ఒకటి, సున్న, ఒకటి, సున్న అగుచు ఎన్నటికిని స్థిరపడదు. కాని నిలువల సగటు అర్ధ రూపాయిని చేరును. ఇట్టి సగటుల శాస్త్రమున వీరు ఆరితేరినవారు. చంద్రశేఖరన్‌గారితో కలసి రెండు చలరాశుల ఫూరియర్ శ్రేణులపై 1947లో వ్యాసమును, 1952లో ‘టిపికల్ మీన్స్’ అను గ్రంథమును వెలువరించిరి.

1946లో అమెరికా గణితవేత్త స్టోన్ మద్రాసునకు వచ్చి వీరి ప్రతిభను గుర్తించెను. ఆయన ప్రోద్బలమున ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత విద్యాసంస్థకు పోయి 1948 వరకు అచ్చట నుండిరి. స్వీడను దేశీయుడైన ప్లేయెల్‌తో కలసి వ్రాసిన మేటి వ్యాసము 1949లో వెలువడినది. డప్పు స్వరముల లెక్కనుండి దాని వైశాల్యము తెలియునని 1911లోనే జర్మనీవాడైన వైల్ నిరూపించి యుండెను. వీ రిరువురును చదునైన తోలును దాటి ఎట్టి వంపు గల తలమునకైనను ఇట్టి సంబంధమును విస్తరింపజేసిరి. ఒక బిందువున వేడి పుట్టించి, క్షణమాత్రము తరువాత అచ్చటనే ఎంత మిగిలినదో చూచుట మీనాక్షిసుందరముగారి మార్గము. ఆ మిగులు శ్రేణిలో మొదటి పదము ఘనపరిమాణమును తెలుపును. తరువాతి పదములలో తలపు వంపు దాగి యున్నది. ఆ వ్యాసమునుండి పుట్టిన ప్రమేయమునకు నేటికిని వారిరువురి పేరే వాడుక.

తిరిగివచ్చి 1950లో ఆచార్యులైరి. 1958లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ గణితవేత్తల మహాసభకు ఆహ్వానముపై పోయి ఉపన్యసించిరి. 1966లో కాట్స్ అను పండితుడు, చెవితో విని డప్పు ఆకారమును చెప్పగలమా యని ప్రశ్నించుటతో వీరి వ్యాసము వైపు దేశదేశముల దృష్టి మరలినది. ఆ పిదప రెండేండ్లకే, 1968 ఆగస్టులో, సిమ్లాలోని ఉన్నత విద్యాసంస్థలో నుండగా వారు 54 ఏండ్ల వయస్సున పరమపదించిరి. ఇంచుమించు ఈ వ్యాసకర్త యీడే.

కాట్స్ ప్రశ్నకు సమాధానము 1992లో వచ్చినది. ఒకే స్వరములు గల రెండు వేర్వేరు ఆకారములు కలవని ముగ్గురు పండితులు చూపిరి. కనుక ఆకారమంతయు చెవికి తెలియదు. వైశాల్యమును, అంచు పొడవును మాత్రము తెలియును.