పడుకుంటే దిగిపోతుందనుకున్నారు!

రాక్ సంగీత ప్రియుల్ని మేటి డ్రమ్మర్లు ఎవరని అడిగితే ముందుగా వినిపించే పేర్లలో జాన్ బోనమ్ ఒకటి. బ్రిటన్‌కు చెందిన ‘లెడ్ జెప్లిన్’ బృందానికి ఆయన వాద్యమే ఊపిరి. అంతటి మనిషి 1980లో, కేవలం 32 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. పెద్ద జబ్బేమీ కాదు. అతిగా తాగి పడుకున్నాక వాంతి శ్వాసకు అడ్డుపడింది. ఆయన జీవితం సంగీతం గురించి ఎంత చెబుతుందో, మనం తేలిగ్గా తీసుకునే ఒక ప్రమాదం గురించీ అంతే చెబుతుంది.

డబ్బాలే తొలి డ్రమ్ములు

బోనమ్ 1948 మే 31న ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టారు. తండ్రి వడ్రంగి. ఐదేళ్ల వయసులోనే ఇంట్లోని పెట్టెలు, కాఫీ డబ్బాలు ముందేసుకుని వాయించటం మొదలెట్టారు. పదేళ్లకు తల్లి ఒక చిన్న డ్రమ్ కొనిచ్చింది. పదిహేనేళ్లకు తండ్రి మొత్తం సెట్టే కొనిపెట్టారు. గురువు దగ్గర పాఠాలేమీ నేర్చుకోలేదు. బడి చదువయ్యాక తండ్రి దగ్గర వడ్రంగం పని చేస్తూనే ఊళ్లోని బృందాల్లో వాయించేవారు. వాటిలో అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలు వాయించే బృందమూ ఒకటి. గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌తో స్నేహం కుదిరింది అక్కడే. చిన్న వయసులోనే పెళ్లయింది. 1966లో కొడుకు జేసన్ పుట్టాడు. అంటే సంసారాన్ని నెట్టుకొస్తూనే సంగీతాన్నీ పట్టుకుని ఉన్నారన్నమాట.

1968లో గిటారిస్టు జిమ్మీ పేజ్ కొత్త బృందం కడుతుంటే ప్లాంట్ ఈయన పేరు చెప్పారు. అప్పటికే వేరే గాయకుడి దగ్గర నిలకడైన జీతం వస్తుండటంతో బోనమ్ వెంటనే ఒప్పుకోలేదు. టెలిగ్రాముల మీద టెలిగ్రాములు పంపితేగానీ రాలేదు. అలా పుట్టిందే లెడ్ జెప్లిన్. 1969లో తొలి ఆల్బమ్ రాగానే, ఒక్క కాలితో ఆయన వేసే వేగం చూసి తోటి డ్రమ్మర్లే ఆశ్చర్యపోయారు. కచేరీల్లో ‘మోబీ డిక్’ వచ్చిందంటే ఒక్కరే చాలాసేపు వాయించేవారు. మధ్యలో కర్రలు పక్కనపెట్టి ఉత్త చేతులతో మోగించేవారు.

1927 నాటి మిసిసిపీ వరదల మీద పుట్టిన ఓ పాత బ్లూస్ పాటను ఈ బృందం ‘వెన్ ద లెవీ బ్రేక్స్’గా మళ్లీ చేసింది. దాని కోసం హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో డ్రమ్స్‌ను మెట్ల దగ్గరి హాల్లో పెట్టి, మైకుల్ని పైన వేలాడదీసి రికార్డు చేశారు. ఆ గంభీరమైన మోతను ఇప్పటికీ ఎంతోమంది తమ పాటల్లో వాడుకుంటున్నారు.

తట్టుకుంటాడనే ధీమా

పేరు పెరిగేకొద్దీ ఇంటికి దూరంగా గడిపే నెలలూ పెరిగాయి. బోనమ్‌కు ఇంటి మీద బెంగ ఎక్కువ. విమానమంటే భయం. ఈ రెంటినీ మరిచిపోవటానికి మద్యాన్ని ఆశ్రయించేవారు. మొదట్లో భయానికి మందులా పనిచేసిన మద్యం క్రమంగా అలవాటైంది. 1980 జూన్‌లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మూడో పాటకే వేదిక మీద కుప్పకూలారు. కచేరీ ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

సెప్టెంబరు 24న అమెరికా పర్యటనకు రిహార్సల్స్. ఆ రోజు ఉదయం నుంచే వోడ్కా మొదలైంది. రాత్రి పేజ్ ఇంటికి చేరాకా ఆగలేదు. అర్ధరాత్రి దాటాక నిద్రలోకి జారుకుంటే, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం లేపటానికి వెళ్లేసరికి ప్రాణం లేదు. 24 గంటల్లో దాదాపు 40 చిన్న కొలతల వోడ్కా, అంటే లీటరు లేదా అంతకుపైనే తాగినట్టు విచారణలో తేలింది. ప్రమాదవశాత్తూ జరిగిన మరణంగా నిర్ధరించారు.

నిద్రలో ఏం జరుగుతుంది?

మనిషి నిద్రపోయినా మద్యం పని ఆగదు. కడుపులో మిగిలింది రక్తంలో కలుస్తూనే ఉంటుంది. అంటే పడుకున్నాక మత్తు ఇంకా పెరగొచ్చు. చిన్న పెగ్గును వదిలించటానికి కాలేయానికి సుమారు గంట పడుతుంది. కాఫీ, నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం.. ఏవీ దాన్ని త్వరపెట్టలేవు. మత్తు ముదిరితే గొంతులో ఏదైనా పడగానే దగ్గు తెప్పించే రక్షణ వ్యవస్థా మొద్దుబారుతుంది. అప్పుడు వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడదు. రోజూ తాగేవారు తూలకుండా ఉండొచ్చుగానీ ఈ ముప్పు నుంచి తప్పించుకోలేరు. ఎంత తాగినా తట్టుకుంటాడని పేరుబడ్డవారి విషయంలోనే ఇంట్లోవాళ్లు ఎక్కువగా మోసపోతారు.

మన ఇంట్లో అయితే..

పెళ్లిళ్లలో, పండగలప్పుడు ఎవరైనా అతిగా తాగి పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టకండి. పక్కకు తిప్పి, పైకాలి మోకాలు ముందుకు మడిచి, నోరు కిందికి వాలేలా తల ఉంచండి. అంతటితో సరిపోదు. తెలివిగా ఉన్నవారు ఒకరు పక్కనే కూర్చుని శ్వాసను గమనిస్తుండాలి. వేలు పెట్టి వాంతి చేయించకూడదు. స్పృహలేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. గట్టిగా పిలిచినా, గిల్లినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, మధ్యమధ్య ఆగుతున్నా, పెదాలు నీలిరంగులోకి మారినా, ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పరువు పోతుందని తెల్లారేదాకా ఆగొద్దు.

రోజూ ఎక్కువగా తాగేవారు మానాలనుకుంటే ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టర్‌ను కలవటం మంచిది. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. భయం, బెంగ వంటి వాటికి చికిత్స ఉందనీ వారికి తెలియజెప్పాలి.

బోనమ్ లేకుండా కొనసాగలేమంటూ బృందం 1980 డిసెంబరులో సెలవు తీసుకుంది. తండ్రి పోయేనాటికి జేసన్‌కు 14 ఏళ్లు. 2007 డిసెంబరులో మిగతా ముగ్గురూ లండన్‌లో ఒక్క రాత్రి కోసం మళ్లీ కలిసినప్పుడు, తండ్రి స్థానంలో కూర్చుని డ్రమ్స్ వాయించింది ఆ కొడుకే.